మెతుకు కోసం మోసిన రాయి

మా నాన్నకి ఎనభై నాలుగేళ్లు. ఈ వయసులో ఆయన అడిగేవి రెండే. పొద్దున ఏడింటికల్లా చాయ, పక్కన పేపరు. అలాంటి మనిషి 2024 డిసెంబరులో ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, "మెదక్ చర్చికి నూరేండ్లు నిండుతున్నయట. ఒక్కసారి జూసొద్దామా?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. సిద్దిపేట నుంచి మెదక్ ఏమంత దూరం? రామాయంపేట మీదుగా పోతే గంటన్నర. 2016లో కొత్త జిల్లాలు అయ్యేదాకా మాదీ మెదక్ జిల్లానే. ఎక్కడెక్కడి జనమో వచ్చి చూసిపోయే కట్టడం అది. సోషల్ టీచరుగా నేనే బడి పిల్లల్ని వెంటబెట్టుకుని మూడుసార్లు వెళ్లొచ్చాను. మా నాన్న మాత్రం ఈ ఎనభై నాలుగేళ్లలో ఆ గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం పైకి అనం.

కథ మా ముత్తాతది. అప్పట్లో మా ఇల్లు ఊరవతల మాలవాడలో ఉండేది. వానలు ఎగ్గొట్టి, బావులు అడుగంటి, దొర దగ్గర కూడా గింజ పుట్టని కాలంలో మెదక్‌లో పాదిరి దొర పెద్ద గుడి కడుతున్నాడని, పనికి పోతే కూడు పెడుతున్నాడని తెలిసి ముత్తాత, ఆయన తమ్ముడు కాలినడకన బయల్దేరారట. ఇద్దరూ రాళ్లు మోశారు. కాలం కాస్త కుదుటపడ్డాక అన్న తిరిగొచ్చాడు. తమ్ముడు రాలేదు. అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడని కబురు వచ్చింది. "అన్నానికి అమ్ముడువోయిండు" అని మా నానమ్మ అనేది. ఆమె చూసిందీ లేదు, ఎరిగిందీ లేదు. అత్తగారి నోట విన్న మాటని అట్లాగే దాచిపెట్టి మాకు అప్పజెప్పింది. ఆ రోజు నుంచి పాలోళ్ల మధ్య రాకపోకలు బంద్.

నాన్నకి తెలియనిది ఒకటుంది. ఏడెనిమిదేళ్ల కిందట టీచర్ల ట్రైనింగులో నా పక్క కుర్చీలో కూర్చున్నాయన ఇంటిపేరు, మా ఇంటిపేరు ఒక్కటే. మాటల్లో మాట కలిసి, ఆయన ముత్తాత కూడా సిద్దిపేట వైపు నుంచే వచ్చాడని తేలింది. ఆ సాయంత్రం బస్టాండులో నిలబడి ఇద్దరం లెక్కలు వేసుకున్నాం. వరసకి నాకు మేనబావ, వాళ్లమ్మ నాకు మేనత్త. ఆయన తండ్రి ఇల్లరికం వచ్చి భార్య ఇంటిపేరు తీసుకున్నాడట, అదీ సంగతి. నంబర్లు తీసుకున్నాం. ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు నాన్నే పోదామంటుంటే చెప్పేశాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఆమె నాకంటే పెద్దదా, చిన్నదా?" అని అడిగాడు. రెండేళ్లు పెద్దదన్నాను. "అయితే అక్కయితది" అన్నాడు.

పండుగ రద్దీ తగ్గాక జనవరిలో బయల్దేరాం.

*

దారి పొడుగునా నాన్న ఒకటే ప్రశ్న. "ఇది నిజాం రాజ్యం గదా. ఇంగ్లీషోళ్ల గుడి ఇంత పెద్దగ ఎట్ల కట్టనిచ్చిన్రు?"

మంచి ప్రశ్న. మా పిల్లలు ఎప్పుడూ అడగలేదు. కోస్తా జిల్లాల్లో తెల్లవాళ్ల పాలన నేరుగా ఉండేది. మన దగ్గర అలా కాదు. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. దాంతో రాజ్యం నిజాందే అయినా, కంపెనీ సైన్యం ఖర్చు కూడా నిజాం మీదే పడింది. ఆ సైన్యం దిగిన చోట 1806లో సికింద్రాబాద్ వెలిసింది. కోఠీలో రెసిడెంటు కోసం ఒక పెద్ద మహలు లేచింది. పైకి పరిపాలన ఉర్దూలో, ఫార్సీలో సాగేది. తాళంచెవి మాత్రం రెసిడెంటు దగ్గర ఉండేది.

సైన్యం ఉన్నచోటికి పాదిరీలు రావడం ఎక్కడైనా మామూలే. చార్లెస్ వాకర్ పాస్నెట్ కూడా అట్లాగే వచ్చాడు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895లో సికింద్రాబాద్‌లో దిగి, తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిల మధ్య పనిచేశాడు. బారకుల్లో ఆయన మనసు నిలవలేదు. పల్లెలకు పోవాలనుకున్నాడు. ఒకటి రెండేళ్లలో మెదక్ చేరి, మొదట డాక్ బంగళాలో మకాం పెట్టాడు. అప్పటికి ఆ చుట్టుపక్కల అంతా కలిపినా రెండు వందల మంది క్రైస్తవులు కూడా లేరని చెబుతారు.

అలాంటి చోట వేల మంది పట్టే చర్చి ఎందుకు కట్టాలనిపించింది? ఆయన మతావేశం ఒక కారణం, కాదనలేం. రెండోది కరువు. 1914లో మొదలైన పని 1924 దాకా సాగింది. ఆ పదేళ్లు ఎలాంటివో గుర్తు చేసుకోండి. ఒకవైపు మొదటి ప్రపంచ యుద్ధం, ధరలు ఆకాశంలో. 1918లో దేశంలో చాలాచోట్ల వానల్లేవు. అదే ఏడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరం ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. ఊరికే ధర్మం చేయకుండా పని ఇచ్చి కూడు పెట్టాలన్నది పాస్నెట్ పద్ధతి. ఇప్పుడు మనం పనికి ఆహారం అంటున్నదే. రాళ్లు కొట్టేవాళ్లు, మోసేవాళ్లు, డంగు సున్నం నూరేవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు ఇలా ఇంటిల్లిపాదికీ పని దొరికింది.

ఇక్కడ ఒక చిన్న మాట. మెదక్‌ని మెతుకు సీమ అంటారు. చర్చి పనిలో మెతుకు దొరికింది కాబట్టే ఆ పేరొచ్చిందని గైడ్లు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. మెతుకుదుర్గం అన్న పేరు అక్కడి కొండమీద కోట నాటిది, చర్చికి వందల ఏళ్ల ముందుది. నడుమ కుతుబ్‌షాహీలు గుల్షనాబాద్ అన్నారు, పూలతోట అని. జనం నాలుక మీద మాత్రం మెతుకే నిలిచింది. కరువు ఎరిగిన నేల గదా.

చార్మినార్ కథ కూడా ఉంది. గోపురం చార్మినార్ కంటే ఎత్తు పోతోందని నిజాం కొలువులో గొడవైందని ఒకరు, పాస్నెట్ తెలివిగా తప్పించుకున్నాడని ఇంకొకరు, ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెబుతారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అప్పుడు ఇంగ్లండుకి ఆప్తమిత్రుడు. యుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి 1918లో బిరుదు కూడా ఇచ్చారు. పాదిరి కడుతున్న గోపురం మీద ఆయన గట్టిగా కొట్లాడే పరిస్థితి ఉందంటే నేను నమ్మను.

*

రోడ్డు మలుపు తిరగ్గానే గోపురం కనిపించింది. నాన్న కారద్దం దించాడు. 175 అడుగుల గంటగోపురం, మూలల్లో మొనదేలిన శిఖరాలు, బూడిదరంగు రాయి. మన గుడి గోపురం పైకి పోయేకొద్దీ బొమ్మలతో నిండిపోతుంది. ఇది పైకి పోయేకొద్దీ సన్నబడి ఆకాశంలో కలిసిపోతుంది.

దీన్ని గోతిక్ శైలి అంటారు. నిజానికి ఫ్రాన్సులో పన్నెండో శతాబ్దంలో పుట్టిన పద్ధతి. గుండ్రటి కమాను కంటే కొసదేలిన కమాను బరువుని నిటారుగా కిందికి దించుతుంది. అందుకే గోడలు ఎత్తుకి పోతాయి, కిటికీలు పెద్దవి పెట్టుకోవచ్చు. మధ్యలో వాడుక తప్పిన ఆ పద్ధతిని ఇంగ్లండు వాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో మళ్లీ తవ్వి తీశారు. బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ అనే బోల్టన్ నగరపు కంపెనీ మెదక్ చర్చికి నమూనా గీసింది. బోల్టన్ అంటే బట్టల మిల్లుల ఊరు. మిల్లుల పొగలో కూర్చుని గీసిన గీతకి ప్రాణం పోసింది మెదక్ ఎండలో ఎండిన వాళ్లు.

మెట్ల దగ్గర మా మేనత్త కుర్చీ వేసుకుని కూర్చుంది. తెల్లచీర, మెడలో చిన్న శిలువ, చేతిలో కర్ర. నర్సుగా చేసి రిటైరైంది. నాన్నని చూసి లేవబోయింది. "కూసో అక్కా" అన్నాడు నాన్న. అంతే. నూరేళ్ల మాటలు రెండు ముక్కల్లో తేలిపోయాయి. తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. చివరికి ఆమే, "షుగరున్నదా తమ్మీ?" అంది. "ఉన్నది." "నాకూ ఉన్నది." ఇద్దరూ నవ్వారు.

నాన్న చెప్పులు విడిచాడు. ఎవరూ చెప్పలేదు, అలవాటు.

లోపల చల్లగా ఉంది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. బూడిదరంగు రాతి స్తంభాలు. కింద ఆరు రంగుల పలకలు, ఇంగ్లండు నుంచి తెప్పించినవి. వాటిని పరవడానికి ఇటలీ మేస్త్రీలు వచ్చారు. పైకప్పు రెండు పొరలు. మాట మారుమోగి చెడిపోకుండా మధ్యలో స్పాంజిలాగా బోలుగా ఉండే పదార్థం నింపారు. నాన్న అవేవీ వినడం లేదు. ఒక స్తంభం దగ్గరికి పోయి అరచెయ్యి ఆనించాడు. రాయి మీద ఉలి గంట్లు వేళ్లకి తగులుతాయి. అది మా ముత్తాత మోసిన రాయే అయి ఉండాలని ఏం లేదు. కాదని కూడా ఎవరూ అనలేరు.

మెథడిస్టుల పేరుతో 1924 డిసెంబరు 25న తెరిచిన ఈ చర్చి, స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నర లోపే, 1947 సెప్టెంబరు 27న, నాలుగైదు శాఖలు కలిసి ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలోకి వచ్చింది. అప్పటికి హైదరాబాద్ ఇంకా దేశంలో కలవనే లేదు. ఆ ముచ్చటకి మరో ఏడాది పట్టింది. అంటే ఈ చర్చి మనకంటే ఒక ఏడాది ముందే ఇండియాలో చేరిందని పిల్లలకి చెబుతుంటాను. నవ్వుతారు, గుర్తు పెట్టుకుంటారు.

*

మెదక్ వెళ్లినవాళ్లు కిటికీల గురించి చెప్పకుండా ఉండరు. మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు. ఎదురుగా బలిపీఠం వెనక క్రీస్తు పరలోకానికి వెళ్లే దృశ్యం, 1927 నాటిది. పుట్టుక దృశ్యం 1947లో, శిలువ దృశ్యం 1958లో వచ్చాయి. బయట ఎండ ఉంటేనే బొమ్మ. పొద్దుగూకితే అద్దం నల్లబడిపోతుంది. అందుకని మీరు వెళ్తే మధ్యాహ్నంలోపు వెళ్లండి. గీసింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాజులవీ, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టువీ బొమ్మలు వేసిన చెయ్యి.

ఆ కిటికీల కింద నిలబడ్డప్పుడల్లా నాకు పెరూ దేశంలోని కుస్కో గుర్తొస్తుంది. చూసింది లేదు, చదివిందే. ఇంకాల రాజధాని అది. 1533లో స్పెయిన్ వాళ్లు వచ్చిపడ్డారు. కొరికాంచా అనే సూర్యుడి గుడి గోడలకి తాపిన బంగారు రేకులు ఊడబీక్కున్నారు. ఆ గోడల మీదే శాంతో దొమింగో మఠం కట్టారు. పక్కనున్న సక్సాయ్‌వమాన్ కోట రాళ్లు పీకి పెద్ద చర్చికి వాడారు. 1950లో భూకంపం వచ్చినప్పుడు మీద కట్టిన మఠం చాలావరకు కూలింది. కింద ఇంకాల గోడ చెక్కుచెదరలేదు.

మెదక్‌లో అలా ఎవరి గుడినీ కూల్చలేదు, ఆ మాట చెప్పుకోవాలి. కానీ ఒక్క విషయంలో కుస్కో వాళ్లే నయమనిపిస్తుంది. అక్కడి పెద్ద చర్చిలో మార్కోస్ జపాటా అనే స్థానిక చిత్రకారుడు పద్దెనిమిదో శతాబ్దంలో ప్రభువు కడరాత్రి భోజనం బొమ్మ వేశాడు. బల్ల మధ్యలో పళ్లెంలో ఏముందో తెలుసా? కుయ్. అంటే గినీపిగ్, వాళ్ల పండుగ కూర. దొరల దేవుడికి తమ ఇంటి కూర వడ్డించాడు! మెదక్ కిటికీల్లో అలాంటిది నేను వెతికాను. మన మొహం లేదు, మన చెట్టు లేదు, మన మేక లేదు. మూడో కిటికీ వచ్చింది 1958లో. అప్పటికి మా సిద్దిపేట కాపు రాజయ్యగారు ముప్పై దాటిన వయసులో, బోనాలూ బతుకమ్మలూ గొల్లభామలూ బొమ్మలు కట్టిస్తున్నారు. మా జిల్లా చేర్యాలలో నకాషీ వాళ్లు తరతరాలుగా కులపురాణాలు బట్ట మీద గీస్తూనే ఉన్నారు. ఆ కిటికీల్లో ఒక్కటైనా మా వాళ్ల చేతికిచ్చి ఉంటే పశువులపాకలో మన తాటిమట్టల కప్పు పడేదేమో. గొర్రెలకాపరి భుజాన గొంగడి పడేదేమో.

ఈ మాటే మేనత్తతో అంటే ఆమె కర్ర నేల మీద ఆనించి, "కిటికీల్ల మొహం లేకుంటే ఏమాయెరా, కింద గోడలు ఎవరియి?" అంది.

*

నాన్న బెంచీ మీద కూర్చున్నాడు. ఆయన అడగడానికే వచ్చిన మాట ఇంకా గొంతులోనే ఉంది. నాకు తెలుస్తోంది. అక్కకీ తెలిసినట్టుంది. ఆమే మొదలుపెట్టింది.

"మా తాత అన్నానికి అమ్ముడువోయిండని మీ ఇంట్ల అంటరట గదా."

నాన్న తల దించుకున్నాడు.

"అన్నం మీ తాత తినలేదా తమ్మీ? ఇద్దరు ఒక్క కుండల గంజే తాగిన్రు. నేను చిన్నప్పుడు మా తాతనే అడిగిన, నువ్వెందుకు ఉండిపోయినవని. ఆయన జెప్పింది ఒక్కటే. ఊర్ల గుడికి గూడ రాయి మోసిండట, పడుచుతనంల. మోసినన్ని దినాలు ఎవడేం అనలేదట. గుడి లేసినంక ఆమడ దూరం నిలవడుమన్నరట. ఈడ, తను మోసిన రాయి మీదనే కాలువెట్టి లోపలికి రమ్మన్నరు. ముందు వరుసల కూసోమన్నరు. గా ఒక్క దానికే ఉండిపోయిన బిడ్డా అన్నడు."

అంత పెద్ద హాల్లో ఆమె చిన్న గొంతు చెక్కుచెదరకుండా వినిపించింది. పైకప్పు పనితనం అప్పుడు అర్థమైంది నాకు.

ఇదే మొత్తం కథ అని నేను అనను. పాదిరీలు తమ దేశానికి పంపే లెక్కల్లో బాప్తిస్మాలు అంకెలే. ఆకలిగా ఉన్నవాడి ముందు అన్నంతో పాటు మతం కూడా పెడితే, వాడు ఏది ముందు ఎంచుకున్నాడో తేల్చడం కష్టం. ఆ అన్నం వెనక సికింద్రాబాద్ బారకుల నీడ ఉంది. మతం మారితే కులం పోయిందా అంటే అదీ లేదు, పెళ్లి సంబంధాల దగ్గర అన్నీ బయటపడతాయి. పైగా ఇంకో తిరకాసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి పోయినవాళ్లు ఎస్సీలు కారు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సడలించారు గానీ వీళ్లకు లేదు. మా ఇంటి సర్టిఫికెట్ ఎస్సీ. పాలోళ్లది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. ఒక్క తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల మునిమనవలం. వాడలో ఇద్దరికీ ఒకటే పిలుపు. కాయితం మీదే వేరు.

ఇవన్నీ నాకు తెలిసినా, ఆ బెంచీ మీద కూర్చుని ఆ ముసలామె చెప్పిన మాటకి ఎదురు చెప్పాలనిపించలేదు. మా ముత్తాత ఎందుకు తిరిగొచ్చాడో కూడా నాకు తెలియదు కదా. భార్యా పిల్లలూ ఇక్కడుండటం వల్లనేమో. ఆయన తిరిగొచ్చి మళ్లీ ఆ ఆమడ దూరంలోనే నిలబడ్డాడు. మా ఇంట్లో ఆ సంగతి ఎప్పుడూ ఎవరూ అనలేదు. తమ్ముడు అమ్ముడుపోయిన సంగతే చెప్పుకున్నాం.

*

భోజనానికి వాళ్లింటికే వెళ్లాం. అన్నం, పప్పుచారు, చింతచిగురు లేని కాలం కాబట్టి గోంగూర, కోడికూర. అక్క తినేముందు కళ్లు మూసుకుని రెండు మాటలు చెప్పుకుంది. నాన్న అన్నం కలుపుకోకుండా ఆమె కళ్లు తెరిచేదాకా ఆగాడు. మాకు పెట్టేటప్పుడు మా మేనబావ భార్య చెయ్యి ఎందుకో కాస్త తడబడింది. నాన్న గమనించినట్టున్నాడు, మారు అన్నం ఆయనే అడిగి వేయించుకున్నాడు. షుగరు సంగతి ఎవరూ గుర్తు చేయలేదు.

తిరుగు ప్రయాణానికి కారెక్కబోతూ నాన్న ఆగాడు. గేటు పట్టుకుని నిలబడ్డ అక్క వైపు తిరిగి, "అక్కా, ఇగ మీ ఇంట్ల ఏమన్న అయితే మాకు కబురు జెయ్యుండ్రి" అన్నాడు. "పాలోళ్లం గదా. మేము గూడ పదొద్దులు మైల పట్టాలె."

నాకు ప్రాణం చివుక్కుమంది. వెళ్లేటప్పుడు ఎవరైనా అనే మాటేనా ఇది?

అక్క పకపకా నవ్వింది. "ఏందిరా తమ్మీ, ఇయ్యాల్నే వస్తివి, అప్పుడే నన్ను పంపుతున్నవా?"

"నేనే ముందువోతనేమో" అన్నాడు నాన్న.

"పోతే పో. నేనొస్త" అంది అక్క, "కర్ర పట్టుకోనన్న వస్త."